‘రిజర్వు’: ఎవరికి, ఎవరిని కాదని? – ఉత్తర తెలంగాణలో ఒక ఆంగ్లపదపు అర్థభేదాలు

‘రిజర్వు’ అన్న ఆంగ్లపదానికి మూలార్థం ‘ప్రత్యేకించి ఉంచు’. ఎవరి కోసం, ఎవరిని తప్పించి అన్నది శాస్త్రాన్ని బట్టి మారుతుంది. పూర్వపు కరీంనగర్ జిల్లాలోని గోదావరిఖనిలో అది భూగర్భశాస్త్ర పదం: తవ్వి తీయదగిన బొగ్గు నిల్వ. బ్యాంకు పరిభాషలోనూ నిల్వే. ఇందులో చిక్కు లేదు.

చిక్కంతా ఆదిలాబాద్‌లో ఉంది. అటవీ చట్టాల్లో రిజర్వు అడవి అంటే అనుమతి లేనిదే సాగు, పశువుల మేత నిషిద్ధమైన అడవి. 1940లో జోడేఘాట్‌లో ముగిసిన కొమురం భీం పోరాటానికి నిజాం కాలపు ఇటువంటి ఆంక్షలే నేపథ్యం. అదే పదం రాజ్యాంగం 332వ అధికరణలో ఎదురు దిశలో నడుస్తుంది: ఆసిఫాబాద్, ఖానాపూర్, బోథ్ శాసనసభ స్థానాలు షెడ్యూల్డు తెగలకు రిజర్వు. గోండును చట్టసభకు పిలిచిన మాటే అతణ్ణి అడవి బయట నిలబెట్టింది.

ఆంగ్లంలో కనిపించే ఈ వైరుధ్యాన్ని తెలుగు అనువాదం కప్పివేసింది. 2012లో కవ్వాల్ టైగర్ రిజర్వు అయినప్పటికీ పత్రికలు ‘అభయారణ్యం’ అనే రాస్తున్నాయి. నిజానికి అభయారణ్యం చట్టంలో వేరొక హోదా. పైగా అభయం పులికే. అక్కడి నుంచి తరలిన మైసంపేట, రాంపూర్ గూడేలకు ఆ మాట ఎలా వినిపిస్తుంది? ‘కేటాయించిన’ అంటే వెంటనే ‘ఎవరికి?’ అన్న ప్రశ్న పుడుతుంది. ‘అభయారణ్యం’ ఆ ప్రశ్నకు చోటివ్వదు. 2006 అటవీ హక్కుల చట్టపు పత్రాలను తెలుగు చేసేవారు ముందుగా తూచవలసినది ఈ తేడానే.