బట్టల్లేని ఒంటికి తోలు సీటు

2004 నుంచి ఏటా కొన్ని దేశాల నగరాల్లో ఒంటి మీద నూలుపోగు లేకుండా సైకిళ్ళ మీద ఊరేగుతున్నారు. పెట్రోలు వాడకం మీద నిరసన అది. ఆ ఫొటోలు చూసి నవ్వుకునేవాళ్ళు నవ్వుకుంటారు. నా చూపు మాత్రం సీట్ల మీదికి పోతుంది.

నిమిషానికి 80 చుట్లు తొక్కితే, గంటలో ఒక్కో తొడ సీటు ముక్కును 4,800 సార్లు ఒరుసుకుంటుంది. చెమటకి చర్మం నాని మెత్తబడుతుంది, ఆరిన ఉప్పు గరుకుగా రాస్తుంది. బట్టలుంటే చెమటను పీల్చుకుంటాయి గానీ, వాటి కుట్లే పుండ్లు పెడతాయి. బట్టలు విప్పేస్తే కుట్ల బాధ తప్పుతుంది, ఇక భారమంతా సీటు మీదే.

ఆ భారం మోయగల సీటు ఏదంటే నేను బ్రూక్స్ బి17 పేరే చెబుతాను. బర్మింగ్‌హామ్‌లో గుర్రపు జీన్ల సామాను చేసే జాన్ బౌల్ట్‌బీ బ్రూక్స్, తన గుర్రం చచ్చిపోయి సైకిలెక్కాక సీటు బాధ పడలేకపోయాడని చెబుతారు. తోలు సీటుకు ఆయన 1882లో పేటెంటు తీసుకున్నాడు. బి17 ఆ తర్వాతి దశాబ్దంలో వచ్చింది.

తిరగేసి చూస్తే లోపల రేకు గానీ స్పాంజీ గానీ ఉండదు. సుమారు 5 మిల్లీమీటర్ల మందం తోలు ఒక్కటే. దాన్ని నానబెట్టి, లోహపు అచ్చు మీద వత్తి, ఆరబెడతారు. ఆరాక ఆ ఆకారం నిలిచిపోతుంది. వెనక ఇనుప విల్లుకీ ముందు ముక్కుకీ రివెట్లు కొట్టి, మధ్యలో గాలిలో వేలాడదీస్తారు. అచ్చం మన నులకమంచమే. మంచానికి కాళ్ళవైపు తాడు లాగి బిగించినట్టు, దీనికి ముక్కు కింద ఒక బోల్టు ఉంటుంది. తోలు సాగి కుంగితే పానాతో పావు చుట్టు తిప్పితే చాలు. తడి తోలును మాత్రం బిగించకూడదు, సాగిపోతుంది.

కూర్చున్నప్పుడు బరువు పిర్రల అడుగున ఉన్న రెండు ఎముకల మీద పడుతుంది. కొన్ని వందల మైళ్ళు తొక్కాక ఆ రెండు చోట్లే తోలు చిన్న గుంటలు పడుతుంది. సీటు యజమాని కొలతకు వచ్చినట్టే. మన ఊళ్ళలో కుచ్చులున్న స్పాంజీ కవరు తొడిగి అదే సుఖమనుకుంటాం. పది నిమిషాలకు బాగానే ఉంటుంది. ఆపైన ఎముకలు స్పాంజీలో దిగిపోతాయి, మధ్యలో ఉబ్బిన స్పాంజీ మెత్తని చోట నొక్కుతుంది, కదిలినప్పుడల్లా చర్మాన్ని పట్టి లాగుతుంది. బిగుతైన తోలు అలా పట్టుకోదు. వాడేకొద్దీ నున్నబడి, చర్మాన్ని జారనిస్తుంది.

పనితనం అంచుల్లో తెలుస్తుంది. ఇందులోనే కాస్త ఖరీదైన రకాలకు వెడల్పు తలల రాగి రివెట్లను చేత్తో కొడతారు. గోరుతో అడ్డంగా గీస్తే ఎక్కడా తగలకూడదు, ఎందుకంటే గోరుకు తగిలింది చర్మానికీ తగులుతుంది. తొడ రాసుకునే కింది అంచును కత్తితో ఏటవాలుగా చెక్కుతారు. మొన ఉండాల్సిన చోట వాలు ఉంటుంది కాబట్టి తొడ దాని మీదుగా దాటిపోతుంది. లాయంలో గుర్రం వీపు పుండు పడకుండా చూసినవాళ్ళకే తట్టే ఉపాయం.

అయినా బట్టల్లేకుండా ఎక్కేవాడు నేరుగా తోలు మీద కూర్చోకూడదు. కొత్త తోలు రంగు వదులుతుంది, చెమటకు తోలూ చెడుతుంది, ఎండలో రివెట్లు చురుక్కుమంటాయి. పల్చని నూలు గుడ్డను ముడతల్లేకుండా లాగి సీటు కింద ముడేయాలి. ఒక్క ముడత మిగిలినా కుట్టు తిరిగొచ్చినట్టే. తొక్కడానికి ముందు గజ్జల్లో, తొడల లోపల వ్యాజలైన్ పట్టించాలి. సీటు మరీ ఎత్తుంటే పెడలు అందక నడుము అటూ ఇటూ ఊగుతుంది, ఊగిన ప్రతిసారీ ఒక రాపిడి. వెనక వచ్చేవాడిని చూడమంటే నడుము ఊగుతోందో లేదో చెప్పేస్తాడు. ఊగుతుంటే సీటు కాస్త దించి మళ్ళీ చూడమనాలి.