ఆ ఇద్దరూ రామారావే!

ద్విపాత్రాభినయం అనగానే ఇప్పటి కుర్రకారు గ్రాఫిక్స్ గురించి మాట్లాడతారు. 1964లో వచ్చిన ‘రాముడు భీముడు’లో గ్రాఫిక్స్ ఎక్కడివి? ఒక కెమెరా, లెన్సుకు అడ్డంగా ఒక మాస్కు, ఎదురుగా నందమూరి తారక రామారావు. అంతే!

డి.వి. నరసరాజు రాసిన ఆ కథ ఎవరెవరి గడపో తొక్కి, చివరికి సురేష్ ప్రొడక్షన్స్ పెట్టిన రామానాయుడి దగ్గరికి చేరిందంటారు. అంతకు మూడేళ్ల ముందు ‘ఇద్దరు మిత్రులు’లో అక్కినేని కూడా ఇద్దరయ్యారు. మంచి సినిమాయే, కాదనను. అయితే అక్కడ వాళ్లిద్దరూ అనుకునే చోట్లు మార్చుకుంటారు. ఇక్కడ అలా కాదు. బావ కొరడాకు తాళలేక రాముడు పారిపోతాడు, వాడి ఇంట్లోకి దుడుకు భీముడొచ్చి పడతాడు. ఎవరు ఎవరో తెరమీద వాళ్లకు తెలియదు, హాల్లో నేల టికెట్టువాడికి తెలుసు. నవ్వంతా అక్కడే పుడుతుంది.

మాస్క్ షాట్ తీయడం మాటలు కాదు. ఫ్రేములో సగం మూసి రాముణ్ణి తీస్తారు. ఫిల్మును కెమెరాలోనే వెనక్కి తిప్పి, రెండో సగంలో భీముణ్ణి తీస్తారు. మధ్యలో కెమెరా వెంట్రుకవాసి కదిలినా, లైటు కాస్త మారినా నడుమ గీత బయటపడుతుంది. నటుడేమో ఎదుట లేని మనిషితో మాట్లాడాలి. వాడి జవాబుకు ఎంతసేపు పడుతుందో మనసులో లెక్కేసుకుని ఆగాలి. చూపు సరిగ్గా వాడి కళ్ల ఎత్తులో నిలవాలి. వీపు మాత్రమే కనపడే షాట్లకు డూప్ ఉంటాడు. రామారావుకు అలా ఎన్నో చిత్రాల్లో నిలబడింది కైకాల సత్యనారాయణ. అంతటి నటుడు ముఖం చూపించకుండా పనిచేశాడు!

ఇంత చేసినా, మాస్కు ఇద్దరు మనుషుల్ని చూపిస్తుందే గానీ సృష్టించలేదు. ఆ పని రామారావుది. రాముడి భుజాలు జారిపోయి ఉంటాయి, మాట సగంలోనే గొంతులో ఇరుక్కుంటుంది. భీముడు గుమ్మంలో అడుగుపెడితే చాలు, ఇల్లంతా వాడిదే. బావ గజేంద్రగా రాజనాల అలవాటుగా కొరడా అందుకున్నాక, అది భీముడి చేతికొచ్చే ఘట్టం చూడండి. రామారావునే కాదు, రాజనాల ముఖాన్నీ చూడండి. ఎదుటివాడు అంతగా హడలిపోబట్టే మనకంత నవ్వు.

‘రాముడు భీముడు’ తీసిన తాపీ చాణక్యే ఈ కథను తమిళంలో ఎం.జి.ఆర్‌తో (‘ఎంగ వీట్టు పిళ్లై’, 1965), హిందీలో దిలీప్ కుమార్‌తో (‘రామ్ ఔర్ శ్యామ్’, 1967) తీశారు. దిలీప్‌కు ఫిల్మ్‌ఫేర్ అవార్డూ వచ్చింది. అయినా నా ఓటు రామారావుకే.

మరి ఇప్పుడు? ఒకడికి గడ్డం, ఇంకొకడికి కళ్లజోడు పెట్టేసి డబుల్ యాక్షన్ అంటున్నారు. నడకా ఒకటే, గొంతూ ఒకటే. కంప్యూటర్ ఇద్దర్నీ కౌగిలించుకునేలా చేస్తుంది సరే, ఇద్దర్నీ వేరు చేసేదెవరు? తారుమారు హాస్యానికి ప్రాణం పాత్ర. దాన్ని చంపేసి, ఫైట్ల మధ్య నాలుగు వెకిలి జోకులు ఇరికిస్తే కామెడీ అయిపోతుందా?

దర్శకులారా, రెండు వేషాల కథ రాసుకునేముందు ఒక్కసారి ‘రాముడు భీముడు’ వేసుకుని చూడండి. వీలైతే శబ్దం ఆపేసి చూడండి. ఏ షాట్‌లో ఉన్నది రాముడో, ఏ షాట్‌లో ఉన్నది భీముడో అప్పుడు కూడా తెలిసిపోతుంది.