చక్రం కొలతను నేలే చెప్పాలి

బండి చక్రానికి పట్టా ఎక్కించడమంటే వడ్లాయన, కమ్మరాయన కలిసి చేయాల్సిన పని. వడ్లాయన నల్లతుమ్మతో నడిమి కుండ చేసి, దానిలోకి ఆకులు దించి, వాటి చుట్టూ అంచుగా పూటీలు బిగిస్తాడు. ఆపైన ఇనుప పట్టా కమ్మరి వంతు. చేత్తో చెక్కిన చక్రం అచ్చంగా గుండ్రంగా ఉండదు కాబట్టి అడ్డంగా కర్ర పెట్టి వ్యాసం కొలిస్తే ఒక్కో వైపు ఒక్కో లెక్క వస్తుంది. చుట్టుకొలత తీసుకుంటే ఆ గొడవ లేదు. అంచు మీద సుద్దగీత పెట్టి చక్రాన్ని ఒక చుట్టు దొర్లిస్తే చాలు. ఇంగ్లండులో ఇదే పనికి పిడి ఉన్న చిన్న చక్రం వాడేవారు. దాన్ని ముందు కొయ్య మీద, తర్వాత ఇనుము మీద నడిపి చుట్లు లెక్కపెట్టేవారు.

కొలిచినంత ఇనుమే కోస్తే పని చెడుతుంది. కమ్మీని వంచినప్పుడు లోపలి వైపు కుదించుకుపోతుంది. అందుకు మందానికి సుమారు మూడు రెట్లు అదనంగా కలపాలి. తర్వాత బిగువు కోసం కొంత తగ్గించాలి. అతుకు వేసిన పట్టా కొయ్య కన్నా కాస్త చిన్నదై ఉండాలి. 1.4 మీటర్ల వ్యాసమున్న చక్రానికి చుట్టుకొలత దాదాపు 4.4 మీటర్లు. పిడకల మంటలో పట్టా వేడి 500 డిగ్రీలు పెరిగితే అది రెండున్నర సెంటీమీటర్లకు పైగా సాగుతుంది. ఆ సాగుదల ఉన్న కొద్ది నిమిషాల్లోనే చక్రం మీదికి దింపి, సుత్తెలతో సర్ది, నీళ్లు పోస్తారు. చల్లారుతూ పట్టా కీళ్లన్నిటినీ ఒక్కటిగా నొక్కేస్తుంది. మరీ బిగువైతే ఆకులు వంగుతాయి. వదులైతే వేసవిలో కొయ్య ఎండి, బండి నడుస్తుండగానే పట్టా జారిపోతుంది. ఎంత తగ్గించాలో పుస్తకం చూసి తేల్చలేం. కీళ్ల సందులు చూసి కమ్మరే తేల్చుకోవాలి. నాకు ఈ విద్యలో అన్నిటికన్నా గొప్పగా తోచేది ఆ తగ్గింపే.

కొలతను బట్టి బండి నడకా మారుతుంది: చక్రం ఎంత పెద్దదైతే గుంత దాటడం అంత తేలిక. మాగనూరు, కృష్ణ మండలాల వైపు రేగడిలో ఈ సంగతి వానాకాలం నేర్పుతుంది, ఎర్ర చెల్కల్లో అంతగా తెలియదు. తర్వాత గాలి టైరు బండ్లొచ్చాయి. వాటిని డన్‌లప్ బండ్లనే అన్నారు. 1888లో గాలి టైరుకు పేటెంటు తీసుకున్న జాన్ బాయిడ్ డన్‌లప్ పేరు ఎద్దుల కాడి దాకా వచ్చిందన్నమాట.

ఇప్పుడు బండి చోట ట్రాక్టరు ఉంది, కొలత కష్టం మాత్రం పోలేదు. టైరు పక్కన 13.6-28 అని ఉంటే వెడల్పు 13.6 అంగుళాలు, రిమ్ము 28 అంగుళాలు అని అర్థం. పూర్తి వ్యాసం అందులో లేదు. కొత్త టైరును నిలబెట్టి కొలిస్తే సుమారు 1.31 మీటర్లు వస్తుంది. బరువు పడ్డాక అడుగు నొక్కుకుపోతుంది, టైరు మీది గట్లు అరుగుతాయి, గాలి తగ్గుతుంది. ఇంజను తిప్పేది ఆ నొక్కుకుపోయిన చక్రాన్నే. కనుక కమ్మరి పద్ధతే మళ్లీ పనికొస్తుంది. గాలి సరిగా పట్టి, పనిలో ఉండే బరువే ఉంచి, చదునైన గట్టి నేల మీద సుద్దగీత పెట్టాలి. నాగలి లాగకుండా నేరుగా పది చుట్లు నడిపి దూరం కొలవాలి. 39.2 మీటర్లు వచ్చిందనుకుందాం. ఒక చుట్టు 3.92 మీటర్లు. దాన్ని 3.14తో భాగిస్తే వ్యాసం 1.25 మీటర్లు. నిలబెట్టి కొలిచినదానికీ దీనికీ ఆరు సెంటీమీటర్ల తేడా. ఒక్క చుట్టే నడిపితే గీత దగ్గర జరిగే చిన్న పొరపాటంతా దాని మీదే పడుతుంది, పది చుట్లయితే పదోవంతే పడుతుంది.

ఈ తేడా గేర్ల లెక్కలో నేరుగా తగులుతుంది. 13.6 తీసి 14.9-28 వేస్తే చుట్టుకొలత సుమారు నాలుగు శాతం పెరుగుతుంది. అదే గేరులో వేగం అంత పెరిగి, లాగే బలం అంత తగ్గుతుంది. రోడ్డు మీద ట్రాలీకి అది బాగానే ఉంటుంది, నాగలి వేస్తే ఒక గేరు దించుకోవాల్సి రావచ్చు. అమ్మేవాళ్లు మొదటి మాటే చెప్తారు.

ఫోర్‌వీల్ డ్రైవ్ ట్రాక్టరుకు ఇది ఇంకా కీలకం. ముందు చక్రాలు వెనుకవాటి కన్నా కొద్ది శాతం ముందుగా లాగేలా గేర్లు అమర్చి ఉంటాయి. వెనుక కొత్త టైర్లు వేసి ముందు అరిగినవి ఉంచితే ఆ పొత్తు చెడుతుంది. మెత్తటి మడిలో జారి సర్దుకుంటాయి, తారు రోడ్డు మీద మాత్రం ముందు టైర్లు అరుగుతాయి, గేర్ల మీద ఒత్తిడి పెరుగుతుంది. టైర్లు కొనే ముందు వాటిని బిగించి, ముందు, వెనుక జతలకు విడివిడిగా పది చుట్లు నడిపి చూడాలి. ఆ రెండు దూరాల నిష్పత్తిని ట్రాక్టరు పుస్తకంలో ఉన్న దానితో పోల్చుకోవాలి. దుకాణం ముందు గట్టి నేల లేకపోతే పక్కనున్న సిమెంటు కళ్లం చాలు.