చెప్పేదాకా ఆగే ఓర్పు

హైదరాబాద్ శ్రీనగర్ కాలనీ చుట్టుపక్కలంతా సినిమా కథలు అల్లేవాళ్లే. 1986లో కె. విశ్వనాథ్ తీసిన 'స్వాతిముత్యం' అమాయకుడైన శివయ్యను మన గుండెల్లో నిలిపింది. కానీ శివయ్య మాటలు రచయితలు రాసినవి. మేధో వైకల్యమున్న పెద్దలు తమ కథ తామే చెబుతుంటే రాసిపెట్టేవాళ్లూ ఉన్నారు. వాళ్లకు నా నమస్కారం.

కథ చెప్పేవారిని, అది ఏ సంవత్సరంలో జరిగిందని అడిగితే జవాబు రాకపోవచ్చు. "అక్క పెళ్లికి ముందా, తర్వాతా?" అంటే వస్తుంది. పాత ఫొటో చేతికిస్తే మాట కదులుతుంది. తల్లి మాట అందుకోబోతే "ఆయన్నే చెప్పనివ్వండమ్మా" అనాలి. రాసింది చదివి వినిపించాలి, వద్దన్నది కొట్టేయాలి.

బ్రిటన్‌లో మేధో వైకల్యమున్నవారిని ఉంచే సెయింట్ లారెన్స్ ఆసుపత్రిలో ఏళ్ల తరబడి గడిపిన మేబుల్ కూపర్, పరిశోధకురాలు డొరొతీ అట్కిన్సన్‌కు ఇలాగే తన జీవితం చెప్పింది. 2010లో ఓపెన్ యూనివర్సిటీ మేబుల్‌కు గౌరవ పట్టా ఇచ్చింది.

మేధో వైకల్యంపై పనిచేసే జాతీయ సంస్థ 1984 నుంచి మన సికింద్రాబాద్‌లోనే ఉంది. అలాంటి చోట ఒక మనిషి ఫైల్లో ఐక్యూ అంకె దొరుకుతుంది. ఇష్టాలు, స్నేహాలు, అవమానాలు మాత్రం ఆ మనిషి చెబితేనే తెలుస్తాయి. మీ ఇంట్లో అలాంటి పెద్దవారుంటే, ముందు అనుమతి అడిగి, ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి, తీరిగ్గా వినండి.