టెడ్ విలియమ్స్ తర్వాత ఎవరూ లేరా?

బేస్‌బాల్ నిన్న, నేడు గురించి అమెరికా టీవీలో చర్చ పెడితే బల్ల చుట్టూ ఎవరెవరు చేరతారో ముందే ఊహించవచ్చు: ఒక మాజీ ఆటగాడు, ఒక చరిత్రకారుడు, ఇద్దరు పాత్రికేయులు. మాట ఎక్కడ మొదలైనా కాసేపటికి 1941కి చేరుతుంది. ఆ ఏడాది బోస్టన్ రెడ్ సాక్స్ బ్యాటర్ టెడ్ విలియమ్స్ .406 సగటు సాధించాడు. లెక్కలోకొచ్చే ప్రతి వెయ్యి అవకాశాలకు 406 హిట్లన్నమాట. అమెరికన్, నేషనల్ లీగుల్లో ఆ తర్వాత ఏ సీజన్‌లోనూ ఎవరూ .400 అందుకోలేదు. ఇంకేముంది, ఆ రోజులు మళ్లీ రావని ఒకరంటే మిగతావాళ్లు తలూపుతారు. నా పేచీ అక్కడే. ఈ చర్చల్లో చరిత్రను పిలిచేది సాక్ష్యం చెప్పించడానికి కాదు, శోకాలు పెట్టించడానికి. అదే అంకెను కాస్త నిలదీస్తే వేరే కథ చెబుతుంది.

ఆ పని జీవపరిణామ శాస్త్రవేత్త స్టీఫెన్ జే గూల్డ్ చేశాడు. బేస్‌బాల్ అంటే ప్రాణం పెట్టే మనిషి. 1996లో వచ్చిన 'ఫుల్ హౌస్' అనే పుస్తకంలో ఆయన వాదన ఇది: లీగు మొత్తం సగటు దశాబ్దాలుగా .260 చుట్టుపక్కలే తిరుగుతూ వచ్చింది. అది పక్కకు జరిగినప్పుడల్లా నిర్వాహకులు నిబంధనలు మార్చి దారికి తెచ్చారు. 1968లో పిచర్ల ధాటికి సగటు .237కి పడిపోతే, మరుసటి ఏడాదే పిచర్ నిలబడే మట్టిదిబ్బ ఎత్తును 15 అంగుళాల నుంచి 10కి తగ్గించారు. అంటే మారింది సగటు కాదు, దానికి అటూ ఇటూ ఉన్న దూరం. పిచింగ్, ఫీల్డింగ్, బ్యాటింగ్ అన్నీ మెరుగయ్యేకొద్దీ మరీ నాసిరకం బ్యాటర్లు లీగులో మిగల్లేదు. నాసిరకం పిచర్ల మీద చెలరేగిపోయే అవకాశమూ మిగల్లేదు. కాబట్టి .400 మాయమవడం ఆట దిగజారిందనడానికి కాదు, ఎదిగిందనడానికే గుర్తు. వినగానే ఎదురుతిరగబుద్ధయ్యే వాదనే, కానీ దీన్ని పడగొట్టాలంటే నిట్టూర్పు చాలదు.

లెక్కలు సరే, చూడ్డానికి ఆట విసుగ్గా తయారైంది కదా అనేవాళ్లుంటారు. వాళ్ల ఫిర్యాదులో నిజం ఉంది. 1970లలో రెండున్నర గంటల్లో తేలిపోయే మ్యాచ్ 2022 నాటికి సగటున 3 గంటల 4 నిమిషాలకు సాగింది. దానికి మందేమో పాత వీరుల స్మరణలో దొరకలేదు. 2023లో పిచర్ ముందు గడియారం పెట్టారు. బంతి విసరడానికి అప్పట్లో ఇచ్చిన గడువు, బేసుల మీద ఎవరూ లేకపోతే 15 సెకన్లు, ఉంటే 20. ఆ ఏడాదే సగటు సమయం 2 గంటల 40 నిమిషాలకు దిగింది. సంప్రదాయం మంటగలిసిందని వాపోయినవాళ్లూ ఉన్నారు. మట్టిదిబ్బను తగ్గించిన సంగతి గుర్తుంటే, నిబంధనలను సవరించుకోవడమే ఈ ఆట సంప్రదాయమని తెలిసేది.

అయినా 1941ని కొలబద్దగా పట్టుకునేవాళ్లు ఒక ప్రశ్నను తప్పించుకోలేరు. ఆ ఏడాది ఆ రెండు లీగుల్లో నల్లజాతి ఆటగాడు ఒక్కడూ లేడు. జాకీ రాబిన్సన్ బ్రూక్లిన్ డాడ్జర్స్ తరఫున బరిలోకి దిగింది 1947లో. ఈ లోటు విలియమ్స్‌కు తెలుసు. 1966లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరిన రోజునే, నల్లజాతి ఆటగాళ్లు శాచెల్ పేజ్, జోష్ గిబ్సన్‌లకు కూడా అక్కడ చోటు దక్కాలని వేదిక మీద కోరాడు. చివరికి 2024 మేలో మేజర్ లీగ్ బేస్‌బాల్, నల్లజాతి ఆటగాళ్లు వేరుగా ఆడిన నీగ్రో లీగుల అంకెలను అధికారిక రికార్డుల్లో కలిపింది. 1943లో హోమ్‌స్టెడ్ గ్రేస్ తరఫున గిబ్సన్ సాధించిన .466 ఇప్పుడు అధికారిక లెక్క. విలియమ్స్ తర్వాత రెండేళ్లకే ఒకడున్నాడన్నమాట!

దీనికీ అభ్యంతరం వచ్చింది: ఆ సీజన్లు చిన్నవి, వివరాలు అసంపూర్ణం. రెండోది నిజమే. పాత పత్రికలు తిరగేసి పరిశోధకులు స్కోర్లు ఒక్కొక్కటిగా ఏరాల్సి వచ్చింది, దొరకనివి ఇంకా ఉన్నాయి. మొదటిది మాత్రం నిలవదు. కొవిడ్ ఏడాది 2020లో షెడ్యూలు ఒక్కో జట్టుకు 60 మ్యాచ్‌లే. .364తో అమెరికన్ లీగ్ బ్యాటింగ్ పట్టం గెలిచిన డీజే లమేహ్యూ పేరును జాబితాలోంచి ఎవరూ తీసేయలేదు.