గాలి దించితే కదిలే బండి

ఎలవూరు అనగానే లారీవాళ్లకు గుర్తొచ్చేది చెక్‌పోస్టు. మద్రాసు–కలకత్తా హైవే మీద, గుమ్మిడిపూండి దాటాక, తడ ఇంకా రాకముందు. ఆ నున్నటి రోడ్డు దిగి తూర్పుగా పులికాటు వైపు పోతే వరి మళ్లు, రొయ్యల గుంటలు, సరుగుడు తోపులు, ఉప్పు కలిసిన బంకమట్టి. ఇక్కడ గట్టిగా వాన పడేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాల్లో. సరిగ్గా ఆ రోజుల్లోనే ఎరువు మూటలు చేలకు పోవాలి, ఐసు పెట్టెలు గట్టుకు రావాలి. మోసేవి టాటా ఏసులు, బొలెరో పికప్పులు, లేలాండ్ దోస్తులు. దాదాపు అన్నిటికీ ఇంజను బలం వెనక చక్రాలకే. నాలుగు చక్రాలూ లాగే బండి కొనమని సలహా చెప్పడం తేలిక, కిస్తీలు కట్టేది మనం కాదు గదా.

బురదలో బండి నడిపే తెలివి డ్రైవర్లకు చాలావరకు ఎద్దుబండి వాళ్ల దగ్గరనుంచి వచ్చిందే. పాతబండి చక్రం ఎత్తు, సన్నం, చుట్టూ ఇనప పట్టా. ఏటా దమ్ము చేసే మడిలో జానెడు కింద నాగలి అడుగు గట్టిపడి ఉంటుంది. సన్న చక్రం పైనున్న బురదను కోసుకుంటూ పోయి ఆ గట్టిని పట్టుకునేది. ఎత్తు ఉంది కాబట్టి ఇరుసు బురదకు ఆనేది కాదు. 2005లో వచ్చిన ఏసుకు ఉన్నది 12 అంగుళాల రిమ్ము. అందుకే దారి తెలిసిన డ్రైవరు ముందు బండి దింపడు, మనిషిని దింపుతాడు.

"దిగి చూసినావా అన్నా?"

"పిక్కల దాకే పోయింది, కింద గట్టి తగిలింది. రానీ."

ఆ ఒక్క మాట మీదే మిగతా అంతా నిర్ణయమవుతుంది. కింద గట్టి ఉంటే సన్న టైరే మేలు. గట్టి అందకపోతే బండి పైపైన తేలుతూ పోవాలి, అప్పుడు టైరు వెడల్పు కావాలి. ఉన్న టైరును వెడల్పు చేయడానికి పైసా ఖర్చు లేని ఉపాయం గాలి దించడం. నిండు లోడుకు 50 దాటి కొట్టిన గాలిని, లోడు దించేసిన బండిలో 25 దగ్గరికి తెస్తే టైరు నేల మీద పొడుగ్గా పరుచుకుంటుంది. అదే బరువు ఎక్కువ చోటు మీద పడుతుంది. ఇదే జిల్లాలోని ఆవడిలో తయారయ్యే యుద్ధ ట్యాంకు అంత బరువుండీ మెత్తటి నేల మీద పోగలిగేది ఇందుకే. పట్టాల మీద బరువు పరుచుకోవడం వల్ల నేల మీద దాని ఒత్తిడి మామూలు కారు కంటే తక్కువ. అయితే ట్యూబు టైరైతే మరీ దించకూడదు. రిమ్ము మీద టైరు జారి, ట్యూబును లాగి, వాల్వు మొదట్లో చింపేస్తుంది.

గాలి తర్వాతే టైరు. హైవేకు వేసిన గీతల టైరు బురదలో నాలుగు తిరుగుళ్లు తిరిగేసరికి గాడులన్నీ పూడిపోయి గుండు టైరైపోతుంది. బటన్ టైరులో దిమ్మెల మధ్య ఖాళీ ఎక్కువ, తిరిగే వేగానికి మట్టి దానంతటదే ఎగిరి బయటపడుతుంది. ఎలవూరుకు పడమర, తేర్వాయ్ కండిగలో మిషెలిన్ ఫ్యాక్టరీ ఉంది. లారీ, బస్సు రేడియల్ టైర్లు అక్కడ తయారవుతాయి. 1946లో ఆ కంపెనీ పేటెంటు తీసుకున్న రేడియల్ పద్ధతిలో టైరు పక్కలు మెత్తగా వంగుతాయి. గాలి దించినప్పుడు చక్కగా పరుచుకునేదీ అదే. డబ్బు తక్కువుంటే వెనక రెండిటికే బటన్ టైర్లు వేయించుకోవడం మంచిది, తోసేవి అవే. తారు రోడ్డు మీద రొద పెడతాయి, తొందరగా అరుగుతాయి. రోజూ మద్రాసు తిరిగే బండికి దండగ అనే నేనంటాను.

ఇక ఇరుక్కున్నాక. ఒక వెనక చక్రం గిర్రున తిరుగుతుంది, రెండోది కదలదు. డిఫరెన్షియల్ పని తీరే అంత, పట్టు లేని చక్రానికే తిప్పుడంతా పోతుంది. అప్పుడు హ్యాండ్ బ్రేకు రెండు మూడు పళ్లు మాత్రం లాగి, రెండో గేరులో నిదానంగా యాక్సిలేటరు ఇవ్వాలి. ఈ బళ్లలో హ్యాండ్ బ్రేకు వెనక డ్రమ్ములనే పడుతుంది. ఊరికే తిరిగే చక్రానికి అడ్డు తగలగానే రెండోదానికీ బలం అందుతుంది. వీపు మీద చెయ్యి వేసి తోసినట్టు మెల్లగా కదులుతుంది బండి. ఈలోపల స్టీరింగు అటూ ఇటూ కాస్త ఊపితే ముందు టైరు అంచులు గాడి గోడను పట్టుకుంటాయి. ఖాళీ బండైతే ఇద్దరు మనుషులు వెనక డాలా మీద నిలబడాలి.

అప్పటికీ రాకపోతే కొబ్బరి తాడు. రిమ్ము రంధ్రాల్లోంచి దూర్చి, టైరు చుట్టూ మూడు నాలుగు చోట్ల బిగించి కడతారు. ముడి బయటి పక్కకే ఉండాలి, లోపలుంటే బ్రేకు పైపును కోస్తుంది. గుంత మరీ లోతైతే సరుగుడు వాసాలు అడ్డంగా పరిచి, పైన వరిగడ్డి. ఉత్త గడ్డి వేస్తే చక్రం దాన్ని వెనక్కి విసిరేసి ఇంకా దిగుతుంది.

కమాను పట్టీ అదనంగా వేయించి, బండి ఎత్తు పెంచి, కంపెనీ చెప్పనంత పెద్ద టైర్లు తొడిగే సరదా కుర్రాళ్లకు ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం కంపెనీ చేసిన బండి స్వరూపం మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. పైగా ఎత్తైన బండి నిండు లోడుతో గట్టు మీద ఒరుగుతుంది. చేయించుకోదగ్గవి చిన్నవి: ముందూ వెనకా ఛాసిస్‌కు గట్టి కొక్కెం, వెనక ఇరుసు గాలి గొట్టాన్ని పైకి తెచ్చే రబ్బరు పైపు. పైపు లేకపోతే నీళ్లు లోపలికి పోయి డిఫరెన్షియల్ ఆయిలు పాల రంగుకు తిరుగుతుంది.

బయటపడ్డాక తొందరపడి హైవే ఎక్కకూడదు. గాలి తక్కువున్న టైరు వేగంలో కాగి పగులుతుంది. సీటు కింద ఒక కాలి పంపు ఉంటే పంచరు షాపు దాకానైనా నెట్టుకు రావచ్చు. డ్రమ్ముల్లో నీళ్లుంటాయి గనక నాలుగు సార్లు మెల్లగా బ్రేకు తొక్కి ఆరబెట్టాలి, చక్రాల లోపలి పక్క అంటిన మట్టి గీకేయాలి. అది అక్కడే ఎండితే చక్రం తూకం తప్పి, అరవై దాటగానే స్టీరింగు వణుకుతుంది.