సున్నం రాసిన ముంత

“తమ్ముడూ, మంచి పొటాషియం సార్బేట్ ఎక్కడ దొరుకుతుంది?” అని మొన్న ఆదివారం మా తోడల్లుడుగారు ఫోన్ చేసి అడిగారు. అడిగింది ఎవర్ని? కొట్లో ఆవకాయ సీసా వెనక్కి తిప్పి, 211 అన్న అంకె కనబడితే అక్కడే పెట్టేసి, కొట్టాయనకి క్లాసు పీకి మరీ బయటికొచ్చే నన్ను! 211 అంటే ఊరగాయ చెడకుండా వేసే బెంజోయేట్ అని ఈ కాలమ్ పాత పాఠకులకి విప్పి చెప్పక్కర్లేదు. సార్బేట్ నంబరు 202. రెండూ ఒకే గూటివి. ఆ పూట అన్నం సహించలేదంటే అతిశయోక్తి గాని, ఒళ్లు మండిన మాట నిజం.

తోడల్లుడుగారు మీకు కొత్త కాదు. న్యూజెర్సీ ఎడిసన్‌లో కరివేపాకు కుండీని చలికాలం హాల్లోకి మోసుకొచ్చి, దానికోసం విడిగా లైటు పెట్టించిన మనిషి. రిటైరయ్యాక కాలూ చెయ్యీ ఊరుకోక, ఈ ఆకురాలు కాలంలో వైన్ మీద పడ్డారు. ద్రాక్షతోట లేదు, చెక్క పీపాలు లేవు. సూపర్‌మార్కెట్ నుంచి ఆపిల్ జ్యూస్ తెచ్చి, అందులో పంచదార, ఈస్ట్ వేసి, వంటగట్టు మీద ఓ మూల పెట్టడమే. అక్కడ ఇది తప్పు కాదు. అమెరికా ఫెడరల్ నియమాల ప్రకారం ఇంట్లో పెద్దవాళ్లు ఒక్కరే ఉంటే ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు గాని అంతకు మించి గాని ఉంటే 200 గ్యాలన్లు ఇంటి వాడకానికి చేసుకోవచ్చు. అమ్మకూడదు, అంతే. ఈ లెక్క విని మా వదిన, “నా వాటా వంద గ్యాలన్లు ముట్టుకున్నారంటే మర్యాదగా ఉండదు” అని ముందే హద్దు గీసేసింది.

మొదటిసారి వేసిన జాడీలో బుడగ అన్నది రాలేదు. చచ్చిన ఈస్ట్ అంటగట్టారని ఆయన కొట్టువాణ్ణి తిట్టుకుంటుంటే, ముందు రసం లేబుల్ ఫోన్లో చూపించమన్నాను. ఆకులు రాలే రోజుల్లో అక్కడి కొట్లలో గుట్టలుగా పేర్చే ముడి ఆపిల్ రసం అది. పదార్థాల వరసలో ఆఖరున, చీమ తలకాయంత అక్షరాల్లో పొటాషియం సార్బేట్. అది ఈస్ట్‌ని చంపదు, దాని సంతానాన్ని పెరగనివ్వదు. పొట్లంలోంచి పడిన ఈస్ట్ ఎన్నో రెట్లు పెరిగితే గాని జాడీడు రసం పులియదు. పెరగకపోతే రసం రసంలాగే కూర్చుంటుంది. “చూశారా అన్నయ్యగారూ, ఈస్ట్‌ని పెరగనివ్వనిది మన కడుపుని బతకనిస్తుందా?” అని ఓ పావుగంట ఉపన్యాసం ఇచ్చాను. అంత తృప్తిగా ఈ మధ్య ఏ పనీ చేయలేదు.

రెండోసారి నేను చెప్పిన సీసాయే తెచ్చారు: గ్యాలన్ గాజు సీసా, అంటే మూడు లీటర్ల ముప్పావు, నూరుపాళ్లూ ఆపిల్ రసం. లేబుల్ మీద రసం కాక ఇంకేదైనా ఉంటే ఆస్కార్బిక్ యాసిడ్ ఉండొచ్చు. అది విటమిన్ సి, ఈస్ట్‌కి అడ్డం రాదు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి ఈ గాజు సీసాలో ఉన్న సుఖం ఏమిటంటే, రసం కొన్న సీసాయే పులియబెట్టే పాత్ర కూడా. ఓ గ్లాసుడు రసం తీసి పక్కన పెట్టుకుంటే పంచదారకీ నురగకీ చోటు వస్తుంది.

పంచదార ఎంతన్నది హైడ్రోమీటర్ చెబుతుంది. పాలకేంద్రంలో లాక్టోమీటర్ ముంచడం చూసినవాళ్లకి ఇదేమీ వింత కాదు. ఉత్త ఆపిల్ రసంలో 1.050 దగ్గర తేలుతుంది. అలాగే పులిస్తే ఆరు శాతం, ఆరున్నర శాతం మత్తు. వైన్‌లో సాధారణంగా పదకొండు పైన ఉంటుంది గనక, సుమారు 400 గ్రాముల పంచదార కలిపితే 1.085 దాకా లేస్తుంది. ఆ పైన వైన్ ఈస్ట్. రొట్టెల ఈస్ట్‌తోనూ పులుస్తుంది గాని వాసన ముతక, అడుగున గట్టిగా పేరుకోదు, కదిపితే మళ్లీ లేస్తుంది. మూతికి రబ్బరు బిరడా, దానిలో నీళ్లు పోసిన ఎయిర్‌లాక్. లోపలి గాలి బయటికి పోవాలి, బయటి గాలి లోపలికి రాకూడదు. వేసిన పంచదార బరువులో ఇంచుమించు సగం బొగ్గుపులుసు గాలిగా ఎగిరిపోతుందని తెలిస్తే, మూత బిగించి పెట్టడం ఎంత ప్రమాదమో వేరే చెప్పక్కర్లేదు.

ఓ కప్పు డికాక్షన్ పోయమని పాత ఇంగ్లిష్ ఇళ్లవాళ్ల చిట్కా ఒకటుంది. ఆపిల్ రసంలో లేని వగరు టీ ఇస్తుంది. మా తోడల్లుడుగారు ఇంట్లో ఉన్నది కాఫీ డికాక్షనే గనక అది పోయబోతే వదిన చెయ్యి పట్టుకుని ఆపింది.

కొన్ని వారాలకి బుడగలు ఆగాయి. మడ్డి కదలకుండా సన్న గొట్టంతో పైతేట వేరే సీసాలోకి దింపి, అది తేరుకున్నాక రుచి చూసి ఆయన మొహం ముడుచుకున్నారు. తీపి లేదు. ఎలా ఉంటుంది? ఆ తీపి తినే కదా ఈస్ట్ బతికింది. గ్లాసులో పోసుకున్నాక కాస్త పంచదార పాకం కలుపుకోండి, శ్రేష్ఠం అన్నాను. అలా కుదరదట. థ్యాంక్స్‌గివింగ్‌కి ఇరుగుపొరుగుకి సీసాలు పంచాలట, తియ్యగానే పంచాలట. తీపి కలిపి బిరడా కొడితే మిగిలిన ఈస్ట్ మళ్లీ లేస్తుంది, సీసా ఎవరి హాల్లోనో పేలుతుంది. అందుకని ఈస్ట్‌ని పెరగనివ్వని మందు కావాలి. అదే 202! ఏ పేరు చూపించి నేను పావుగంట ఉపన్యాసం దంచానో అదే పేరు నాకే చెప్పి, దొరికే చోటు కూడా నన్నే అడుగుతున్నారు.

ఆ కోపంతో ఏదో ఎత్తిపొడుద్దామని చదవబోతే, ఆయన ఉన్న న్యూజెర్సీయే ఎదురొచ్చింది. ఆ రాష్ట్రం దక్షిణాన వైన్‌ల్యాండ్ అని ఊరుంది. 1861లో చార్లెస్ ల్యాండిస్ అనే ఆయన మద్యం అమ్మకం లేని ఊరుగా దాన్ని కట్టించాడు. పేరులో ద్రాక్షతీగ, ఊళ్లో చుక్క లేదు. అక్కడ థామస్ వెల్చ్ అనే దంతవైద్యుడు ఉండేవాడు, మెథడిస్టు. చర్చిలో ప్రభురాత్రి భోజనానికి మత్తులేని ద్రాక్షరసం కావాలన్నది ఆయన పట్టుదల. రసం పిండిన మర్నాటినుంచే పులుస్తుంటే ఏం చేయాలి? అంతకు కొద్దికాలం ముందే ఫ్రాన్స్‌లో లూయీ పాశ్చర్, వైన్‌ని కొద్దిగా వేడిచేస్తే చెడిపోదని చెప్పి, 1866లో పుస్తకం వేశాడు. పాశ్చర్ వైన్‌ని కాపాడ్డానికి కనిపెట్టిన వేడిని, వెల్చ్ 1869లో వైన్ కాకుండా ఆపడానికి వాడాడు. చర్చిలవాళ్లు మొదట పట్టించుకోలేదు, వెల్చ్ పక్కన పడేశాడు. కొడుకు చార్లెస్ తిరిగి అందుకున్నాడు. 1893 చికాగో ప్రపంచ ప్రదర్శన తర్వాత అది ఇంటింటి సరుకైంది. సూపర్‌మార్కెట్ బల్ల మీద నెలల తరబడి కదలకుండా నిలబడే జ్యూస్ సీసాకి ఆ వైన్‌ల్యాండే పుట్టిల్లు. రసాన్ని పులియనివ్వకుండా పట్టుకోవడం కోసం పుట్టిన సీసాని తోడల్లుడుగారు తెచ్చి, ఈస్ట్ పోసి మళ్లీ పులియబెడుతున్నారు, అదే రాష్ట్రంలో.

ఇది చదువుతుంటే నాకు పశ్చిమ గోదావరిలో మా అమ్మమ్మగారి ఊరి చెరువుగట్టు గుర్తొచ్చింది. ఆ గట్టు మీద తాళ్ల వరస. గీతగీసే పెద్దాయన తెల్లవారకుండానే నడుముకి మోకు కట్టుకుని ఎక్కి దిగిపోయేవాడు. గెల కొస పలచగా చెక్కి ముంత కట్టిరావడం సాయంత్రం, దింపడం పొద్దున. ఎండాకాలం సెలవుల్లో మేం పిల్లలం పళ్లు తోముకోకుండా ఆ గట్టుకి పరిగెత్తేవాళ్లం. చెట్టు దిగిన ఆ క్షణాన రసం తియ్యగా, చల్లగా ఉండేది. ఆయన మాకు తాటాకు దొప్పలో పోసి, “ఇప్పుడే తాగేయండి, ఇంటికి పట్టుకెళితే తాతగారు కొడతారు” అనేవాడు. నిజమే. ఎండ ఎక్కేసరికి అదే రసం కల్లు. కల్లు ముంతని ఆయన తళతళలాడేట్టు కడిగేవాడు కాదు. నిన్నటి వాసన ముంతకి పట్టి ఉంటేనే ఇవాళ్టిది త్వరగా లేస్తుంది. ఆయన పొట్లంలో ఈస్ట్ కొనలేదు, ముంతే ఆయన పొట్లం.

అయితే ఆయన దగ్గర ఇంకో రకం ముంతలు ఉండేవి. లోపలంతా తెల్లగా సున్నం రాసినవి. అవి బెల్లానికి. తాటిబెల్లం వండే పొయ్యి ఊరికి అవతలివైపు ఉండేది. అన్ని చెట్లూ దింపి, కావిడి వేసుకుని అక్కడికి చేరేసరికి పొద్దెక్కుతుంది. సున్నం లేకపోతే అక్కడికి చేరేది కల్లే, దాన్ని ఎంత కాచినా బెల్లం కట్టదు. సున్నం ముంతలోది ఓసారి నాకు కావాలని మారాం చేసి తాగాను. నాలిక మీద వగరు, ఉప్పదనం కానిదేదో ఉప్పదనం. ఉమ్మేస్తుంటే ఆయన నవ్వాడు. చెట్టు కింద నిలబడి తాగేవాడికి సున్నం ఎందుకు, ఊరవతలికి మోసుకెళ్లే సరుక్కి గాని? ఇప్పుడు హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో 2023లో తెరిచిన నీరా కేఫ్‌లో ఆ పని చలిపెట్టె చేస్తోంది. రసం చెట్టునుంచి నోటిదాకా వచ్చే దూరం పెరిగినకొద్దీ ఏదో ఒకటి అడ్డం నిలబడక తప్పదు.

ఆ దూరం మాట నేను ఇన్నేళ్లూ 211 మీద రాసిన వాటిల్లో ఎక్కడా రాయలేదు. అమ్మమ్మ ఆవకాయకి బెంజోయేట్ అక్కర్లేదంటే, ఆ జాడీ అటక దాటి ఎక్కడికీ పోలేదు గనకే. పైగా అందులో చెయ్యి మండేంత ఉప్పు, ఆవఘాటు ఉన్నాయి. వాటి పని కూడా ఆపడమే. ఎడిసన్ కొట్లోకి వచ్చే ఆవకాయ ఓడెక్కి, గోదాములో ఉండి, నూనె, ఉప్పు తగ్గించమనే కొనుగోలుదారు కోసం తగ్గి, అక్కడికి చేరుతుంది. దానికి సున్నం ముంత కావలసిందే. తోడల్లుడుగారి వైన్ కూడా ఆయన వంటగట్టు మీద ఉన్నంతకాలం ఏమీ అక్కర్లేదు. పొరుగింటికి వెళుతుంది గనక కావాలి. పాత ఉపన్యాసాలకి క్షమాపణ ఏమీ చెప్పబోవడం లేదు. ఇకమీదట నా తగువు నంబర్లతో కాదు, వాటిని ఎవరికీ కనబడని అక్షరాల్లో అచ్చువేసేవాళ్లతో.

ఫోన్ చేసి చెప్పాను: సార్బేట్ గ్యాలన్‌కి అర టీస్పూను. వైన్ పూర్తిగా తేరుకున్నాక, హైడ్రోమీటర్ కొన్నాళ్లపాటు కదలకుండా ఒకే అంకె చూపించాక. ఒంటరిగా వేయొద్దు, గంధకపు మాత్ర, అదే క్యాంప్‌డెన్ టాబ్లెట్, గ్యాలన్‌కి ఒకటి కలిపి వేయాలి. లేకపోతే కొన్ని బ్యాక్టీరియాలు ఆ సార్బేట్‌నే తిని వైన్‌కి జెరేనియం ఆకు నలిపిన వాసన తెస్తాయి, ఆ వాసన ఇక పోదు. ఆ తర్వాతే తీపి. పంచే ప్రతి సీసా మీదా ఏం కలిపారో పెద్ద అక్షరాల్లో రాయండి, 202తో సహా.

ఇది చదివి జ్యూస్ ప్యాకెట్లు కొనబోయే హైదరాబాద్, విజయవాడ పాఠకులకి ఒక్క మాట. దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడిన 1992ని చూసిన నేల మనది. ఇక్కడ ఇంట్లో మద్యం చేయడం అన్నది ఎడిసన్ వంటగట్టు మీది సరదా కాదు. రెండు రాష్ట్రాల్లోనూ అమల్లో ఉన్న 1968 నాటి ఎక్సైజ్ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా మద్యం తయారుచేయడం నేరం. కొలతలు పంపమని నాకు ఉత్తరాలు రాయకండి.